ఏటి ఒడ్డు గూడు

వారం రోజులుగా ఏరుకున్న నూకలన్నీ పోసి, పిచ్చుక కాకి దగ్గర గూడు కొనుక్కుంది.

"అసలు సిసలు ఏటి ఒడ్డు గూడమ్మా! చిరిగితే మన గిజిగాడు ఏడాదిపాటు ఊరికే అల్లిపెడతాడు" అంది కాకి.

తొలకరి గాలికే గూడు అడుగు చిరిగింది. లోపల మూడు గుడ్లున్నాయి. పిచ్చుక గిజిగాణ్ణి పిలుచుకొచ్చింది. అతను పైగడ్డిని ముక్కుతో తప్పించి చూశాడు.

"పైన చుట్టిన గడ్డి మనదే. లోపలి ముడి మాత్రం అవతలి ఒడ్డు వాళ్లది. ఆ అల్లిక నాకు రాదమ్మా" అని ఎగిరిపోయాడు.

పిచ్చుక చిరుగుకు రెక్క అడ్డుపెట్టి, కాకిని కేకేసింది. "ఏటి ఒడ్డుదే అన్నావు కదా!"

కాకి కొమ్మకు ముక్కు రుద్దుకుంటూ అడిగింది: "ఏటికి ఒక్క ఒడ్డే ఉంటుందా, పిచ్చుకమ్మా?"