వేరు కొన

“నా స్లైడులో ఒక్క కణం కూడా చీలడం లేదు సార్,” అంది హరిత, మైక్రోస్కోపు మీంచి తలెత్తి.

డిగ్రీ బోటనీ ప్రాక్టికల్స్ గదిలో అందరూ ఇటు తిరిగారు. కడప నుంచి వచ్చిన ఎగ్జామినర్ రాఘవేంద్రప్రసాద్ మార్కులు వేస్తున్న కలం పక్కన పెట్టాడు.

“అందరూ ఉల్లివేరులో మెటాఫేజ్ దశ చూశామన్నారు. క్రోమోజోములు కణం మధ్యలో బారులు తీరి ఉన్నాయని చెప్పారు. నీకొక్కదానికే కనిపించలేదా?”

“లేదు సార్.”

పక్క బల్ల దగ్గరున్న సుప్రజ ఆమె కొంగు లాగింది. “అక్కా, నాకు మాత్రం ఏం కనపడింది? పుస్తకంలో బొమ్మ తలుచుకొని చెప్పేసినా. నువ్వూ చెప్పేయ్.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. “ఉల్లిగడ్డలమ్మే ఇంటి కోడలికి ఉల్లిగడ్డలో ఏముండాదో తెలీదంట!”

హరిత చెంపలు వేడెక్కాయి. ఒక్క మాట అంటే చాలు, గట్టెక్కుతుంది. ఈ పరీక్ష తప్పితే డిగ్రీ ఆగిపోయినట్టే. ‘ఈ ఏడాదితో చదువు చాలమ్మా, ఆ తర్వాత అంగడి చూసుకో’ అని మామ ముందే చెప్పేశాడు. ఆమె మళ్లీ కన్ను ఆనించి చూసింది. అన్నీ పొడుగ్గా ఎదిగిపోయిన కణాలే. పని ముగించుకొని కాళ్లు చాపుకొన్నట్టు ఉన్నాయి.

“కనపడనిది కనపడిందని చెప్పలేను సార్.”

ఎగ్జామినర్ లేచి వచ్చాడు. మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పి, స్లైడంతా జరిపి చూశాడు.

“నిజమే, ఏమీ లేదు. వేరు కొన వదిలేసి పైభాగం కోసి ఉంటావు. కోయడమే రాకపోతే నేను మార్కులెట్లా వేసేది?”

“కొననే కోసినాను సార్. ఒక్క నిమిషం.”

బల్ల మీద, సీసా మూతికి ఆనించి పెట్టిన ఉల్లిగడ్డ నుంచి వేర్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. అటెండర్ సుంకప్ప తెచ్చిన గడ్డలవి. పొద్దున వాటిని చూసి లెక్చరర్ శ్రీదేవి మేడమ్, “అబ్బ, ఎంత నీటుగా ఉండాయో! వేర్లన్నీ ఒకే పొడుగు!” అని మురిసిపోయింది కూడా.

హరిత గడ్డను పైకెత్తి వేర్ల చివరలకు భూతద్దం పెట్టింది. ఒకటి చూసింది. ఇంకొకటి చూసింది.

“సార్, వీటికి కొనలే లేవు!”

“ఏమంటాండావు హరితా?” శ్రీదేవి మేడమ్ గాభరాగా దగ్గరికొచ్చింది.

“వేరు చివర సన్నబడి, మొన మీద చిన్న తొడుగుండల్ల కదా మేడమ్. ఇవి చూడండి, కత్తెర పెట్టినట్టు చదునుగా ఉండాయి. చీలే కణాలన్నీ ఆ కొనలోనే కదా ఉండేది. పైన మిగిలినవి చీలడం మానేసి, ఊరికే పొడుగు సాగినవి.”

ఎగ్జామినర్ భూతద్దం అందుకున్నాడు. హరిత సీసా చూశాడు, సుప్రజ సీసా చూశాడు, వరసగా అన్ని బల్లలూ తిరిగి వచ్చాడు.

“మరి ఇంతమందికి మెటాఫేజ్ యాడ కనపడిందమ్మా?” అన్నాడు.

ఇందాక కిసుక్కున నవ్వినవాళ్లు మైక్రోస్కోపుల మీదికి వంగిపోయారు.

హరిత ఇవేవీ పట్టించుకోలేదు. గడ్డ అడుగున, పెద్ద వేర్ల చాటున, కత్తెరకు అందనంత పొట్టి వేరొకటి బియ్యపు గింజలా తొంగి చూస్తోంది. దాని కొన కోసింది. ఆమ్లంలో వేసి దీపం మీద వెచ్చబెట్టింది. ఎర్ర రంగు చుక్క వేసి, పైన పల్చని గాజుపలక మూసి, కాగితం మడత పెట్టి బొటనవేలితో నొక్కింది. మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది.

కణాలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. కొన్ని ఇంకా ఎదిగే దశలోనే ఉన్నాయి. కొన్నింటిలో ఎర్రటి దారాలు చిక్కబడ్డాయి. ఒకదానిలో క్రోమోజోములు నట్టనడుమ బారులు తీరాయి. దాని పక్కనే ఇంకో కణం, రెట్టింపు చేసుకున్న సొత్తంతా సరిసమానంగా పంచి, చెరో కొసకూ లాగుతూ ఉన్నపళంగా ఆగిపోయింది.

“సార్! ఇప్పుడు చూడండి!”

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్లి, కలం తీసి, ఆమె నంబరు ఎదుట పూర్తి మార్కులు వేశాడు. “మిగతావాళ్లంతా పొట్టి వేర్లు వెతుక్కోండి. పరీక్ష మొదట్నుంచీ!” అన్నాడు. తలుపు దగ్గరున్న అటెండరు వైపు తిరిగి, “ఏమప్పా సుంకప్పా, ఈ గడ్డలకు క్షవరం చేసినోడెవడు?” అని అడిగాడు.

సుంకప్ప హరిత వైపు ఒకసారి చూశాడు. “తెలీదు సార్,” అని బయటికి జారుకున్నాడు.

గేటు బయట ఆటోలో అత్త ప్రమీలమ్మ ఎదురుచూస్తోంది. “ఏమ్మా, ఎట్ల రాసినావు?”

“అందరికంటే నాకే ఎక్కువత్తా! పూర్తి మార్కులు!”

ప్రమీలమ్మ మొహం విప్పారింది. “రాకేం చేస్తాయి? నా కష్టం ఊరికే పోతాదా? నిన్న ఆ సుంకప్ప మన అంగడికొచ్చి, నీ పరీక్షకని వేర్లొచ్చిన గడ్డలే ఏరుకుంటాండె. పీచులేలాడే గడ్డలు కాలేజీకి పోతే మన పరువేం గావల్ల? వేర్లు తీయొద్దమ్మా అని శానా మొత్తుకున్నాడులే. అందుకే, కొనలు మాత్రం సమంగా కత్తిరించి పంపినా!”