వెనక చక్రం

బలికోవ టీ గ్లాసు బల్లమీదే వదిలేసి బయటికి పరిగెత్తాడు.

టీ పాక పక్కన నిలబెట్టిన అతని మోటార్ సైకిల్ దగ్గర ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా ఉంది. ఆ పానా వెనక చక్రం మీద ఉంది.

"ఏయ్ ముసలోడా! ఏం పీకుతున్నావ్ అక్కడ?"

"పీకట్లేదు నాయనా. బిగిస్తున్నా."

"నా బండి బిగించడానికి నువ్వెవడివి?"

ముసలాయన పానాని ఇంకో చుట్టు తిప్పాడు.

ఇగంగా ఊరి బజారులో, కిరాయి మోటార్ సైకిళ్లు ఆగే స్టేజీలో బళ్లు నడిపేవాళ్లందరికీ ఆ మొహం తెలుసు. రోజూ పొద్దున్నే వచ్చి బళ్ల నీడన కూర్చునేవాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడనుకున్నారు. ఎవరికోసమని ఎవరూ అడగలేదు.

ఆ నెలలోనే పక్క స్టేజీలో రెండు బళ్లు పోయాయి.

"ఒక్కసారే ఎత్తుకుపోతే దొరికిపోతానని, రోజుకో నట్టు పట్టుకుపోతున్నాడర్రా!" అన్నాడు స్టేజీ పెద్ద వైస్వ. "మనం చూసుకోకపోతే వచ్చే ఏడాదికి బండి వాళ్లింట్లో తయారయ్యేది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మొదటి దెబ్బ పడింది.

బలికోవకి కోపంకన్నా ముందు ఒక చిన్న గర్వం కలిగింది. తన పాత బండి మీద కూడా దొంగ కన్ను పడిందన్నమాట. వెంటనే ఆ గర్వానికి సిగ్గేసింది. ఆ సిగ్గును ఎక్కడ దాచుకోవాలో తెలియక, పానా పట్టుకున్న చేతిని నేలకి నొక్కిపెట్టి బూటుతో తొక్కాడు. ఎముక విరగడం అతని పాదానికి తెలిసింది.

ముసలాయన అరవలేదు.

"మెల్లగా నడుపు నాయనా" అన్నాడంతే.

"చూడు, చూడు, బెదిరిస్తున్నాడు!" అన్నాడు వైస్వ.

అయిదో రోజు పొద్దున బలికోవ కూతురు నైగాగని ముందు కూర్చోబెట్టుకుని బడికి బయల్దేరాడు. రోడ్డు పొడిగానే ఉంది. పెద్ద వేగం కూడా లేదు. రెండేళ్లుగా ఒక్కసారీ పడలేదనీ, అదంతా తన చేతి పనితనమనీ అతనికి గట్టి నమ్మకం.

మలుపులో వెనకనుంచి ఎవరో లాగినట్టయింది.

అతను రోడ్డు పక్క గడ్డిలో పడ్డాడు. బండి నైగాగ మీద పడింది.

సాయంత్రానికి పిల్ల కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

"ఆ ముసలోడి పనే!" పోలీస్ స్టేషన్లో బలికోవ బల్ల గుద్దాడు. "నట్లు వదులు చేసి పోయాడు. పట్టుకోండి వాణ్ణి!"

బండిని పరీక్షించిన అధికారి అతన్ని ఆవరణలోకి తీసుకెళ్లి, బండి పక్కన కూర్చోబెట్టాడు.

"ఇది చూడు. వెనక చక్రాన్ని పట్టి ఉంచేచోట చట్రంలో బెజ్జం వెడల్పయిపోయింది. పైన రంగేసి దాచారు. రోజూ బిగించుకోకపోతే నాలుగైదు రోజుల్లో ఊడిపోతుంది."

"అదే కదా నేననేది. వాడే వదులు చేశాడు."

"ఈ నట్టు అంచులు తడిమి చూడు. అన్నీ ఒకవైపే అరిగాయి, బిగించేవైపు. ఏళ్ల తరబడి బిగించిన నట్టిది. నువ్వేనా బిగించింది?"

బలికోవ దగ్గర ఎప్పుడూ పానా లేదు.

"సరే, బండి కాగితం మీద కిరుండ అని ఉంది. ఎవరాయన?"

"ఏమో. దళారి దగ్గర కొన్నా." స్టేజీలో ఎవరి బండి మాత్రం వాళ్ల పేరున ఉంది?

కిరుండకి కబురు పెట్టారు. మర్నాడు అతని భార్య ఒక్కతే వచ్చింది.

"ఆయన మంచం దిగలేదయ్యా. వారం కిందట స్టేజీలో చెయ్యి విరగ్గొట్టారు. విరిగిన చేత్తోనే తెల్లారి మళ్లీ వెళ్లాడు. స్టేజీవాళ్లని దూరం నుంచి చూసి తిరిగొచ్చేశాడు."

బలికోవ ఆమె మొహం చూడలేకపోయాడు.

"మా పెద్దాడు ఈ బండి మీంచి పడే చనిపోయాడు నాయనా. ఆ దుఃఖంలో ఆయన లోపం సంగతి చెప్పకుండా, పైన రంగేసి దీన్ని దళారికి అమ్మేశాడు. తర్వాత నిద్ర పట్టలేదు. వెతుక్కుంటూ మీ స్టేజీ దాకా వచ్చాడు."

"ఒక్క మాట నాతో చెబితే సరిపోయేది కదమ్మా!"

"నేనూ అదే పోరుపెట్టాను. 'చెబితే ఆ కుర్రాడూ నాలాగే దాచిపెట్టి ఇంకెవరికో అమ్మేస్తాడే, అప్పుడు రోజూ పొద్దున్నే ఏ ఊళ్లో అని వెతుక్కుంటూ పోను?' అనేవాడు."