ఆలస్యానికి కారణం

“జ్వరం వచ్చిన ఎన్నో దినానికి దవాఖానకు తీస్కపోయిండ్రమ్మా?”

సాలమ్మ తలెత్తి, అడిగిన మనిషి ముఖంలోకి చూసింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న శోభ, ఒడిలో అట్ట మీద కాగితాలు పెట్టుకుని, పెన్ను ఆపి ఎదురుచూసింది. కేసముద్రం స్టేషన్లో రైలు దిగి, ఆటో దొరికినంత దూరం ఆటోలో వచ్చి, తండాలోకి నడిచి వచ్చిన మనిషి. చెప్పుల నిండా దుమ్ము.

“తొమ్మిదో దినం,” అన్నది సాలమ్మ.

శోభ రాసుకుంది. తన పనేమిటో వచ్చీ రాగానే చెప్పింది. కరోనా రెండోసారి వచ్చిన ఏడాది, ప్రాణం మీదికొచ్చి పెద్ద దవాఖానలో చేరినవాళ్లలో ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎందుకు పోయారు అని డాక్టర్లు పరిశీలిస్తున్నారట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల జాబితా ఆమెకు ఇచ్చారు. పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి అడగాలి. సాలమ్మ భర్త లింగ్యాది తొంభై ఏడో పేరు.

వయసు యాభై మూడు. షుగరుంది. మార్కెట్ యార్డులో హమాలీ. చేర్చిన రోజు ఆక్సిజన్ డెబ్బై ఒకటి. వెంటిలేటర్ మీద ఐదు రోజులు. ఇవన్నీ దవాఖాన కాగితాల్లో ఉన్నవే. శోభ ఒక్కొక్కటీ చదివి అవునా అని అడిగింది. సాలమ్మ తల ఊపింది.

గడప దగ్గర నిలబడి కూతురు పూజ అంతా వింటోంది. మహబూబాబాద్‌లో మందుల షాపులో పనిచేస్తుంది కాబట్టి ఆ అంకెలకు అర్థం ఆమెకు తెలుసు. కానీ ఆమెకు కావలసింది ఆ తర్వాతి ప్రశ్న. ఎవరైనా వచ్చి అది అడుగుతారేమోనని మూడేళ్లుగా చూస్తోంది.

“అన్ని దినాలు ఎందుకు ఆలస్యమైంది?” కాగితం మీంచి తల ఎత్తకుండా అడిగింది శోభ.

“మొండి మనిషి బిడ్డా. ఎంత బతిలాడినా రానన్నడు.”

పూజ ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. తండ్రి రానన్నాడా? మూడో రోజు పొద్దున్నే ఉతికిన అంగీ తొడుక్కుని, తువ్వాల, సబ్బు సంచిలో పెట్టుకుని, మంచం అంచున సిద్ధంగా కూర్చున్నాడాయన. పంచాయతీ గోడకు అంటించిన కరోనా సాయం నంబరు పూజే నొక్కి ఫోను తల్లి చేతికిచ్చింది. పడకలు ఖాళీ లేవు, ఆక్సిజన్ తొంభై పైనే ఉంది కదా, ఇంట్లోనే ఉంచండి అన్నారట. ఆరో రోజుకు ఎనభై ఎనిమిదికి పడిపోయింది. మళ్లీ చేశారు. పేరు రాసుకున్నాం, పడక దొరకగానే మేమే ఫోన్ చేస్తాం, అప్పటిదాకా ఎటూ తిప్పొద్దు అన్నారట. ఆ ఫోను వస్తుందని తండ్రి అంగీ విప్పలేదు. ఫోను రాలేదు. తొమ్మిదో రోజు మాట తడబడుతుంటే పక్కింటివాళ్ల ట్రాక్టర్లో పడుకోబెట్టి తీసుకెళ్లారు.

“యాడీ, ఎందుకు అబద్ధం చెప్తున్నవ్?” అని పూజ తల్లిని తమ లంబాడీ భాషలో అడిగింది. శోభకు ఆ భాష రాదు. సాలమ్మ తెలుగులోనే బదులిచ్చింది.

“చాయ్ పెట్టుపో.”

పూజ కదల్లేదు. సర్కారు కాగితమంటే తల్లికి మొదటి నుంచీ భయమే. రాయించిన మాట ఎప్పుడు మెడకు చుట్టుకుంటుందోనని. అయినా పోయిన మనిషి మీద నింద వేసేంత భయమా?

“ముందుగాల ఎవరికన్న ఫోన్ చేసిండ్రా?” శోభ గొంతు బాగా తగ్గింది. ఇదే మాట ఇన్ని ఇళ్లలో అడిగి అలసిపోయి ఉంటుంది అనుకుంది పూజ.

“లేదు. ఎవ్వలకు చెయ్యలే.”

“సాయం నంబరుండె గదా. దానికి గూడ చెయ్యలేదా?”

“మాకేం ఎరుక బిడ్డా గవన్ని.”

పూజకు ఇక ఆగబుద్ధి కాలేదు. తాను చెప్తానంటూ ముందుకు వచ్చింది. సాలమ్మ లేచి కూతురి మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. అప్పుడది చిన్నపిల్ల, దానికేం తెలియదని శోభతో చెప్పింది.

శోభ ఇద్దరినీ చూసింది. ఇంకేమీ అడగకుండా ‘రోగి ఒప్పుకోలేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

చాయ్ తాగుతుంటే సాలమ్మ ఆమె సంగతులు అడిగింది. ఇంకా పదిహేను ఇళ్లున్నాయని, రేపు రేగొండ వైపు పోవాలని శోభ చెప్పింది. ఈ పనికి ఎవరూ ఒప్పుకోకపోతే తానే అడిగి తీసుకున్నదట.

“ఎందుకు బిడ్డా, గింత పరేషాన్?”

“ఇంట్ల ఉంటే నిద్ర పడ్తలేదమ్మా.”

సాలమ్మ ఆమె గ్లాసులో మళ్లీ చాయ్ పోసింది. టైముకు తినమని, రాత్రి పూట ఇవేవీ మనసులో పెట్టుకోకుండా పడుకోమని చెప్పింది. ఆటో ఎక్కేదాకా వెంట వెళ్లింది.

తిరిగొచ్చేసరికి పూజ గడపలోనే కూర్చుని ఉంది. కళ్లు తుడుచుకోలేదు.

“బాపును మొండోడని రాయించినవ్. మంచం మీద తయారై కూసున్న మనిషిని. నీకేం యాదికి లేదా?”

“అన్నీ యాదికున్నయి.”

“మరెందుకు గట్ల చెప్పినవ్?”

సాలమ్మ మెల్లగా కూతురి పక్కన కూర్చుంది.

“ఆనాడు ఫోన్ల ఇన్న గొంతు గామెదే బిడ్డా.”