ఉప్పు లేని పళ్ళెం

“మేకకూరలో వేలు పెట్టకు బల్లహూ! ముందు పోయినవాడి పళ్ళెం వడ్డించాలి,” అంటూ ఇజ్మీనా గరిటె లాక్కుంది.

బల్లహూ మూతి ముడుచుకున్నాడు. బల్లహూ అంటే సన్నటి సముద్రపు చేప. మనిషీ అలాగే ఉంటాడని ఊరు ఊరంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

కరీబియన్ సముద్రంలోని ఈ కరియాకూ ద్వీపంలో మనిషిని ముందు మట్టి చేస్తారు. సమాధి రాయి మాత్రం చేతిలో డబ్బాడినప్పుడే. ఐదేళ్ళకో, పదేళ్ళకో. ఆ రోజు ఊరందరికీ విందు. డప్పులు, రమ్ము, మేకకూర, మొక్కజొన్న ముద్దలు.

ఇవాళ నిలబెట్టిన రాయి మీద ఇజ్మీనా భర్త పేరు ఉంది. ఆంబ్రోజ్ ఈనో.

విందుకి గ్రెనడా నుంచి పొద్దుటి పడవలో ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. హోటల్ కంపెనీ మేనేజరు ప్రెస్కాట్. ఒకప్పుడు నిమ్మతోటల దొరలు దివాలా తీసి పోతే, ఇక్కడివాళ్ళ తాతలు చెమటోడ్చి కొనుక్కున్న ఒడ్డు ఇది. పత్రాలు మొన్నటి గాలివానకు ఇంటి పైకప్పుతో సహా ఎగిరిపోయాయి. పాత సమాధులు అలల కోతకు ఎప్పుడో సముద్రంలో కలిశాయి. అదను చూసి కంపెనీ హద్దు కొయ్యలు పాతేసింది. కుటుంబంలోవాళ్ళ సమాధి ఉంటే మాత్రం ఆ నేల జోలికి రామంది. అది చూసుకుపోదామనే ప్రెస్కాట్ వచ్చాడు.

బల్లహూ చెక్కపడవలు తయారుచేసేది ఈ ఒడ్డునే. అతనికి ఇంకో పని రాదు. ఈ నేల పోతే ఈ వయసులో హోటల్లో పక్కగుడ్డలు దులుపుకోవాలి.

ప్రెస్కాట్ పొయ్యి దగ్గరికొచ్చి బల్లహూని అడిగాడు. “మీరు ఆంబ్రోజ్‌గారిని ఎరుగుదురా?”

“ఎరక్కపోవడమేమిటి సార్! పుట్టినప్పట్నించీ.”

“ఎలాంటి మనిషి?”

“బంగారం లాంటి మనిషి. ఆ చేతిలో పడితే చెక్క చెప్పినమాట వినేది.”

“చెక్క వినేది సరే,” ఇజ్మీనా కళ్ళొత్తుకుంటూ అందుకుంది, “ఇంటి తలుపు ఊడి ఏళ్ళయినా ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. గురక పెడితే కోళ్ళు లేచిపోయేవి.”

బల్లహూకి ఒళ్ళు మండింది. “పోయినవాడి మీద ఇవేం మాటలు? అదీ పరాయివాళ్ళ ముందు!”

“ఉన్నమాటే అన్నాను. నువ్వు కూర మాడకుండా చూడు.”

డప్పులవాళ్ళలో ఎవడో కిసుక్కుమని, వెంటనే దగ్గాడు.

ఇజ్మీనా ఒక పళ్ళెంలో ముద్దలూ కూరా పెట్టింది. అన్నీ విడిగా ఉప్పు లేకుండా వండినవే.

“ఓ చిటికెడు ఉప్పేస్తే ఏం పోయింది? ఆ చప్పిడి కూడు ఎవడు తింటాడు?” అన్నాడు బల్లహూ.

“పోయినవాళ్ళకి ఉప్పు వెయ్యరు. కొత్తగా పుట్టావా ఏమిటి?”

“తెలుసులే. అయినా పాపం అనిపిస్తుంది.”

పళ్ళెం రాయి ముందు పెట్టారు. నేల మీద రమ్ము ధార పోశారు. డప్పులు మోగాయి. ఇజ్మీనా రాయిని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె అంతగా ఏడుస్తుందని బల్లహూ అనుకోలేదు. అతనికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని పక్కవాడికి చెప్పాడు.

ప్రెస్కాట్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“క్షమించండమ్మా. కొయ్యలు ఇప్పుడే పీకించేస్తాను. మీ నేలలోకి మావాళ్ళెవరూ రారు.”

అన్నట్టే దగ్గరుండి పీకించాడు. వాటిని రేవు నుంచి తెచ్చుకున్న కంపెనీ జీపులో వేసుకుని వెళ్ళాడు. జీపు కొండ మలుపు తిరిగేదాకా డప్పులు ఆగలేదు. తర్వాత ఒక్కసారిగా ఆగాయి.

“ఇక రా ఆంబ్రోజ్, చప్పగా ఉందని సణక్కుండా నీ పళ్ళెం నువ్వు తిను,” అంటూ ఇజ్మీనా బల్లహూ చేతిలో ఉప్పు పొట్లం పెట్టింది.