రాగి ఏడు పాళ్లు

మామగారి బంగారు నాణేలు ఇరవై, ఒక్కొక్కటే మూసలో పడి కరిగిపోతుంటే అల్లుడికి ప్రాణం హాయిగా ఉంది.

పళ్లు కట్టడం అతని వృత్తి. బంగారు తొడుగులు పోసే బుల్లి కొలిమి, మూసలు అన్నీ చేతికిందే ఉన్నాయి. లేనిదల్లా సొంత ల్యాబు. ఇల్లరికం వచ్చి ఆరేళ్లయింది. అన్నం ముందు కూర్చుని మామగారి నీతిబోధ వినని పూట లేదు.

"ముప్పై ఏళ్లుగా మ్యూజియం నాణేలు నా చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కదాని మీద గోటి గీత పడలేదు. మనిషన్నాక నిజాయితీ ఉండాలయ్యా," అనేవాడాయన.

ల్యాబుకు పెట్టుబడి అడిగితే మాత్రం ఆయనకు చెవుడొచ్చేది. జీతంలో మిగిల్చి కొనుక్కున్నానని చెప్పే నాణేలను పడకగది అల్మారాలో దాచుకుని, తలుపు గడియపెట్టి మరీ చూసుకునేవాడు. అల్లుడు మారుతాళం చేయించడానికి నాలుగేళ్లు ఆలోచించాడు. చేయించాక నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

నాణేలుగా అమ్మితే దొరికిపోతాడు. ఉత్త బంగారంగా అమ్మితే ఉత్త ధరే వస్తుంది. అదే నీళ్లలో దొరికిన సహజమైన బంగారపు ముద్ద అయితే, సేకరించే పిచ్చి ఉన్నవాళ్లు రెట్టింపు ఇచ్చి కళ్లకద్దుకుంటారు. ఆ విషయం మీద అల్లుడు బోలెడు చదివాడు. నేలలో దొరికే బంగారం మేలిమి కాదు, కొంత వెండిని కలుపుకునే పుడుతుంది. అందుకని పళ్ల పనికి దాచుకున్న వెండి కాస్త కలిపాడు. వంకరటింకరగా పోసి, ఇసుకలో పొర్లించి, సందుల్లో మట్టి కూరాడు. చివరికి ముద్దను చూసి తనే నమ్మేశాడు.

కొనే ఆసామీ నమ్మాడు గానీ చిన్న మెలిక పెట్టాడు.

"మ్యూజియంలో నాణేల నిపుణుడున్నాడట. ఆయన ధ్రువపత్రం తెండి. కళ్లు మూసుకుని కొంటాను."

ఆ నిపుణుడు మామగారే.

అయినా ఇప్పుడు వెనక్కి తగ్గితే జన్మంతా ఆ నీతిబోధే గతి. ఇంట్లో గొడవేం జరగలేదు కాబట్టి ఆయనింకా అల్మారా తెరిచి ఉండడని ధైర్యం చెప్పుకుని మర్నాడు మ్యూజియానికి వెళ్లాడు.

మామగారు నెలాఖరుకు రిటైర్ కాబోతున్నాడు. బల్ల మీద అప్పగింత జాబితా, దాని పక్కన ట్రేలో తళతళలాడే ఇరవై పాత నాణేలు.

"చేపలకని వెళ్తే వాగులో దొరికింది మామయ్యగారూ," అన్నాడు అల్లుడు.

ఆయన ముద్దను పరీక్ష మిషన్‌లో పెట్టి అంకెలు పైకి చదివాడు.

"బంగారం ఎనభై నాలుగు. వెండి తొమ్మిది." తెర మీదకు వంగాడు. "రాగి ఏడు."

తను మరిచిపోయిందేమిటో అల్లుడికి అప్పుడు తట్టింది. బంగారంలో వెండిని కలిపేది ప్రకృతి. అంత రాగిని కలిపేది టంకశాల, నాణెం అరిగిపోకుండా. మామగారు కళ్లజోడు మీదుగా అతన్ని చూశాడు.

తర్వాత కలం తీసి, 'సహజంగా దొరికిన బంగారపు ముద్ద' అని రాసి సంతకం చేశాడు.

ముప్పై ఏళ్ల అనుభవం ఇంతేనా అనుకుని అల్లుడు లోలోపల పడీపడీ నవ్వుకున్నాడు. ముద్ద ఎప్పుడు, ఎక్కడ దొరికిందో రాసివ్వమని ఆయన ఇంకో కాగితం జరిపితే, ఆ సంతోషంలో తోచిన తేదీ వేసి సంతకం గీకేశాడు. చెయ్యి చాచేలోపే మామగారు ముద్దను తన సంచిలో వేసుకున్నాడు.

"కొనేవాడు ఎదురుచూస్తున్నాడు మామయ్యగారూ."

"నేను అమ్ముకుంటాలే. ఎవరైనా అడిగితే ఇది నీకు దొరికిందని నీ సంతకం ఉండనే ఉంది."

"అదేంటండీ, ముద్ద నాది కదా?"

మామగారు లేచి గది తలుపు దగ్గరగా వేశాడు. ట్రేలోంచి ఒక నాణెం తీసి అల్లుడి అరచేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"ఈ ఇరవై పూత వేసిన ఇత్తడి అల్లుడూ. ఎప్పుడైనా పోలీసులు వచ్చి ఇల్లు సోదా చేసేలోపు అల్మారాలోని అసలువి ఎలా కరిగించాలా అని ఏడాదిగా నాకు నిద్రలేదు, ఆ పుణ్యం నువ్వు కట్టుకున్నావు."