పెద్దాయన కారు

“మళ్లీ చదువు,” అన్నాడు మామగారు.

“రెండుసార్లు చదివాను మామయ్యా.”

“మూడోసారి చదివితే నోరేం అరిగిపోదు.”

కోడలు పేపరు మడత విప్పిన చప్పుడు వినిపించింది. ఆదివారం పేపరు, ఐదో పేజీ. ‘ఇప్పటిదాకా మన దేశాన్ని ఏలినవాళ్లలో ఎవరు గొప్ప?’ అని ఎడిటరు అడిగి తొమ్మిది వారాలైంది. మొదట ముప్ఫై మంది దాకా రాశారు. పోట్లాట ముదిరాక ఇద్దరే మిగిలారు. ఒకరు మామగారు. రెండోది ‘ఒక ఓటరు’ అనే సంతకం.

మామగారు పద్దెనిమిదేళ్లు పెద్దాయన కారు నడిపాడు. ఆనకట్ట కట్టించిన పెద్దాయన. ఆయన కన్నా గొప్పవాడు ఈ నేల మీద పుట్టలేదని మామగారి మాట. మామగారికి కళ్లు పోయి మూడేళ్లు. పేపరు కోడలే చదివి వినిపిస్తుంది. జవాబు ఆయన చెబితే రాసి పోస్టు చేస్తుంది. ఈ చర్చ మొదలవకముందు ఇద్దరి మధ్య మాటలు ‘అన్నం పెట్టమంటారా’, ‘పెట్టు’ అన్నంత వరకే. పుట్టిల్లు ఏదంటే పిన్ని ఇల్లని చెప్పింది ఎనిమిదేళ్ల కిందట, పెళ్లినాడు. ఆపైన ఆయన అడగలేదు.

“‘డ్రైవరు గారి ఉత్తరం చూశాను,’” కోడలు చదివింది. “‘ఆనకట్ట గేట్లు మూసే ముందురోజు పెద్దాయన మునిగే ఊరికి స్వయంగా వెళ్లి, గడప గడపకీ చెప్పి, అందర్నీ ఖాళీ చేయించారని రాశారు. కారు తానే నడిపానన్నారు. మనిషి మంచివాడే అయ్యుండొచ్చు. జ్ఞాపకం మాత్రం మంచిది కాదు...’”

“ఆపు!” మామగారు బల్ల మీద చరిచాడు. గ్లాసు దొర్లి నేల మీద పడింది. “ఎవడమ్మా వీడు? నా జ్ఞాపకం సంగతి వీడికేం తెలుసు? ఆయన ఉప్పు తిన్నవాణ్ణి నేను. రాయి. ‘అయ్యా ఓటరూ, నువ్వు పుట్టకముందే నేను స్టీరింగు పట్టాను.’”

“వయసెంతో ఉత్తరంలో లేదు మామయ్యా.”

“రాత చూస్తే తెలీదూ? మూతి మీద మీసం మొలవని కుర్రకుంక.”

“మీసం సంగతి కూడా రాయమంటారా?”

“రాయి!”

కలం కాగితం మీద కదిలింది.

“‘నువ్వు గొప్పంటున్న ఆ గుమాస్తాగారు చేసిందేమిటి? పెద్దాయన పోయాక పదకొండు నెలలు కుర్చీలో కూర్చున్నాడు. ఇళ్లు మునిగినవాళ్లకి నాలుగు పట్టాలు పంచాడు. అదేనా గొప్ప? మా పెద్దాయన పది జిల్లాలకి నీళ్లిచ్చాడు. ఏనుగుకీ ఎలుకకీ పోటీ పెడతావా?’ రాశావా?”

“రాశాను. కానీ మామయ్యా, ఏనుగు నడిచిన దారిలో ఎవరి ఇల్లుందో...”

“నీకెందుకమ్మా రాజకీయాలు? నువ్వు రాయి చాలు.”

“రాస్తాను. ఆ ఉత్తరంలో ఇంకో పేరా ఉంది. మూడుసార్లూ మీరు బల్ల గుద్ది ఆపేశారు.”

“అందులో ఏం ఏడ్చాడు? చదువు.”

ఈసారి పేపరు చప్పుడు వినిపించలేదు.

“‘ఆ రోజు కారు ఊళ్లోకి రాలేదు. వంతెన మధ్యలో ఆగింది. డ్రైవరు దిగి, ముందుకొచ్చి చూశాడు. మళ్లీ ఎక్కి, కారు వెనక్కి తిప్పాడు. మర్నాడు గేట్లు మూశారు. రాత్రంతా ఎగువన వాన. తెల్లారేసరికి ఊళ్లో నీళ్లు. మా నాన్న ఎద్దుల్ని విప్పడానికి వెళ్లాడు. తిరిగి రాలేదు.’”

“అబద్ధం,” అన్నాడు మామగారు.

“అలాగే రాయమంటారా?”

“అంతా పచ్చి అబద్ధం. వంతెన మీద నేనూ, వెనక సీట్లో ఆయనా. మూడో మనిషి లేడు. ఇది వీడికి ఎలా తెలుస్తుంది?”

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

“అవతలి ఒడ్డున ఎవరైనా ఉన్నారేమో,” అంది కోడలు.

మామగారు చేతికర్ర కోసం తడిమాడు. దొరికినా లేవలేదు.

“ఉన్నారు,” అన్నాడు. “పిల్లలు. కారు చూసి చేతులూపారు. నేనూ ఊపాను.”

“ఎడిటరు వచ్చే ఆదివారంతో చర్చ ముగిస్తానన్నాడు మామయ్యా. ఆఖరి ఉత్తరం మీదే. ఏం రాయమంటారు?”

“ఇందాకటిదంతా కొట్టెయ్.”

“మీసం కూడానా?”

“కొట్టెయ్యమన్నానా!” అరిచాడు మామగారు. “ఇరవై ఐదేళ్లు. ఒక్కడు అడగలేదు. అడిగితే చెబుదామని ఒక ఏడాది చూశాను. తర్వాత ఆయన ఊళ్లోకి వెళ్లాడనే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను. ఇప్పుడు వీడెవడో ముక్కూ మొహం తెలియనివాడు పేపర్లో నిలబెట్టి కడిగేస్తున్నాడు.”

“కోపమొచ్చిందా మామయ్యా?”

“రాదా? ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చాడు?”

కలం ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

“రాయి. ‘ఓటరు గారికి. ఇది పేపర్లో తేలే సంగతి కాదు. మా ఇంటికి రండి. ఎదురుగా కూర్చుని అడగండి. కారు ఎందుకు తిప్పానో చెబుతాను. ఆ తర్వాత తిట్టినా, కొట్టినా సరే.’ కింద అడ్రసు రాయి. ఎడిటర్ని ఆ మనిషికి చేర్చమను. ఇప్పుడే వెళ్లి పోస్టులో వెయ్యి.”

కలానికి మూత పెట్టిన చప్పుడు. కుర్చీ కదల్లేదు.

“ఇంకా కూర్చున్నావేంటమ్మా? లే. ఆ మనిషి ఎప్పుడొస్తాడో ఏమో!”

“వచ్చి ఎనిమిదేళ్లయింది మామయ్యా,” అంది కోడలు.