జ్ఞానతల్లి ఇచ్చిన మైక్రోవేవ్

“అరేపలు వేడవుతున్నాయి, కూర్చో వదినా,” అన్నాను నెరెయిదాతో.

మా అమ్మాయి యోలెయిదాకి ఆకలి ఆగలేదు. మైక్రోవేవ్ తలుపు మీద చెయ్యి వేసింది. అంతే, పక్కన నిలబడ్డ తన కొడుకుని నెరెయిదా చటుక్కున ఇవతలికి లాగేసింది.

యోలెయిదా తలుపు తీసింది. అరేపలతో, ఆ మొక్కజొన్న రొట్టెలతో సహా లోపల పళ్లెం తిరుగుతూనే ఉంది. హోరు ఆగలేదు. నేను పరుగెత్తి ప్లగ్గు పీకేశాను.

“అయ్యో, తలుపు తీసినా ఆగట్లేదే! ఇప్పుడే పాడైనట్టుంది,” అంది నెరెయిదా.

తను కొత్తది కొనుక్కుని, మా మరకైబో ఊరి ఎండల్లో నాకు పొయ్యి బాధ తప్పుతుందంటూ ఆ పొద్దున్నే తెచ్చిచ్చింది ఈ పాతదాన్ని. మా పిల్లకి జ్ఞానస్నానంలో జ్ఞానతల్లిగా నిలబడిందీ తనే.

“మరి తలుపు తియ్యకముందే నీ కొడుకుని ఎందుకు లాగావు?”

నెరెయిదా చూపు దించుకుంది.

“గంట కొట్టేదాకా ఆగితే ఏం కాదు. మేం అలాగే వాడుకున్నాం.”

“ఆ ముక్క నాకు చెప్పలేదేం?”

“చెబితే తీసుకునేదానివా? పారెయ్యడానికి మనసొప్పలేదు వదినా.”

“నా కూతుర్ని దాని ముందు వదిలెయ్యడానికి మాత్రం ఒప్పిందా?”

నెరెయిదా వెళ్లడానికి లేచింది. జ్ఞానతల్లి వెళ్తుంటే దీవెన అడగడం పిల్లలకి అలవాటు.

“దీవించమ్మా,” అంటూ యోలెయిదా వెళ్లి ఎదురుగా నిలబడింది.

నెరెయిదా చెయ్యెత్తింది.

నేను నా పిల్లని చటుక్కున ఇవతలికి లాగేశాను.